పట్టపగటి చుక్క

“పట్టపగలే చుక్కలు చూపిస్తాను” అని ఎవరినైనా బెదిరించుట మన తెలుగువారికి అలవాటు. ముప్పుతిప్పలు పెట్టెదనని దాని భావము. పగటివేళ చుక్క కనబడుట లోకములో లేని పని గనుక, లేనిదానిని కూడ కనబడునట్లు చేసెదననుట ఆ బెదిరింపులోని బలము. ఈ నుడికారమును ఎవరు పుట్టించిరో తెలియదు గాని, వారు శుక్రుని సంగతి మాత్రము మరచినారు.

2025 ఫిబ్రవరిలో తొమ్మిదవ తరగతి పిల్లలకు గ్రహములను గూర్చి చెప్పుచు, “శుక్రుడు పగలు కూడ కంటికి కనబడును, దుర్భిణి అక్కరలేదు” అని నేను నోరు జారినాను. నోరు జారితిననుట ఎందుకనగా, ఆ మాట నేను పుస్తకములలో చదివినదే గాని నా కంటితో చూచినది కాదు. వెనుక బల్లమీది కుర్రవాడొకడు లేచి వినయముగనే, “అయితే చూపించండి మాస్టారూ!” అన్నాడు. తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వితిని గాని, ఆ నవ్వు పెదవి దాటలేదు. తాను చెప్పినది చూపలేని ఉపాధ్యాయుని తక్కిన మాటలను మాత్రము పిల్లలెందుకు నమ్మవలెను?

మా వీధిలో ఓడల కొలువు చేసి విరమించిన పెద్దమనిషి ఒకరున్నారు. రెండవ ఆఫీసరుగా చాలకాలము సముద్రముమీద తిరిగినవారు. ఓడ ఎక్కడున్నదో ప్రతిదినము గుర్తించి పటములో చుక్క పెట్టుట సాధారణముగా ఆ ఉద్యోగి పనియే. నా చిక్కు చెప్పగా ఆయన ఆశ్చర్యపడలేదు. “అదేమంత గొప్ప మాస్టారూ! మధ్యాహ్నం సూర్యుణ్ణీ శుక్రుణ్ణీ కలిపి పట్టుకోవడం మాకు రోజూ ఉన్న పనేగా. మీరు ఆకాశంలో వెతుకుతారు, అందుకని దొరకడు. మేము వెతకం. ఎక్కడుంటాడో ముందు లెక్క కట్టి అక్కడే చూస్తాం” అన్నారు.

ఈ వ్యాసమునకు మూలము ఆ ఒక్క మాటయే.

నావికులు సూర్యుని ఒక్కనిని పట్టుకొని తృప్తిపడక శుక్రుని వెంట ఎందుకు పడుదురో ముందు చెప్పవలెను. సెక్స్టెంటు అను పనిముట్టుతో సూర్యుడు దిగంతరేఖకు ఎంత ఎత్తున ఉన్నాడో కొలువవచ్చును. ఆ ఉన్నతి వలన, “ఈ క్షణమున సూర్యుడు ఇంత ఎత్తున కనబడు చోట్లన్నియు ఈ గీత మీద ఉన్నవి” అని మాత్రమే తెలియును. ఆ గీతలో మన ఓడ ఎచ్చట ఉన్నదో తెలియదు. ఈ రహస్యము బయటపడిన కథ చిత్రమైనది. 1837 డిసెంబరులో థామస్ సమ్నర్ అను అమెరికా కప్తాను చార్లెస్టన్ నుండి స్కాట్లండునకు ఓడ నడుపుచు ఐర్లండు తీరమును సమీపించినాడు. మబ్బులు కమ్మి, గాలి తీరమువైపు తోయుచున్నది. తానెక్కడున్నాడో తెలియదు. మబ్బు విచ్చిన కొద్ది క్షణములలో ఒక్కసారి సూర్యుని ఉన్నతి చిక్కినది. అక్షాంశము నిశ్చయముగా తెలియదు గనుక మూడు వేర్వేరు అక్షాంశములు ఊహించి మూడుసార్లు లెక్కించినాడు. వచ్చిన మూడు స్థానములును పటములో ఒకే గీత మీద పడినవి! ఆ గీత స్మాల్స్ అను దీపస్తంభము మీదుగా పోవుచున్నది. అతడు ఓడను ఆ గీతవెంబడి నడిపినాడు. కొంతసేపటికి ఆ దీపము ఎదుట కనబడినది.

సమ్నర్‌కు దైవికముగా ఆ గీతమీద దీపస్తంభమున్నది గాని, ప్రతివానికి ఉండదు. కావున రెండవ గీత కావలెను. రెండు గీతలు కలిసినచోట ఓడ. రాత్రి నక్షత్రములు కావలసినన్ని కలవు, కాని దిగంతరేఖ కనబడదు. దిగంతరేఖ లేనిదే సెక్స్టెంటు పనిచేయదు. చుక్కలు, రేఖ రెండును కనబడునది సంధ్యలలో కొద్ది నిమిషములే. పగలు రేఖ కత్తివాదరవలె స్పష్టముగా ఉండును, కాని సూర్యుడొక్కడే. అప్పుడప్పుడు చంద్రుడు. ఈ లోటు తీర్చువాడు శుక్రుడు. ఉన్నతిలో ఒక కల, అనగా డిగ్రీలో అరువదవ వంతు, తప్పినచో ఓడస్థానము ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు, తప్పును. గడియారము 4 సెకండ్లు తప్పినచో రేఖాంశము ఒక కల తప్పును. రాతిగుట్టల నడుమ ఒక మైలు అనగా ఏమో నావికులను అడుగవలెను.

వారు శుక్రుని పట్టుకొను తీరు నాకు మిక్కిలి నచ్చినది. సెక్స్టెంటు చేయు పని ఆకాశములోని బింబమును అద్దముల సాయముతో క్రిందికి దింపి దిగంతరేఖపై కూర్చుండబెట్టుట. ఆఫీసరు ముందుగా నాటికల్ ఆల్మనాక్ చూచి, ఫలానా వేళకు శుక్రుడు ఎంత ఎత్తున, ఏ దిక్కున ఉండవలెనో లెక్కించును. ఆ ఎత్తును సెక్స్టెంటులో ముందే అమర్చును. ఆ దిక్కునకు తిరిగి ఆకాశము వంక చూడక, నేరుగా సముద్రపు అంచును చూచుచు మెల్లగా అటునిటు త్రిప్పును. నీటి అంచున తెల్లని సన్నని చుక్క తేలి ఉండును. తలయెత్తి నింగినంతటిని గాలించువానికి దొరకనిది, తల దించినవానికి దొరకును.

ఇందులో కంటికి సంబంధించిన కిటుకు ఒకటున్నది. శుక్రుడు పగలు కనబడకపోవుట కాంతి చాలక కాదు. దట్టమైన మేఘములు కప్పిన ఆ గోళము తనపై పడిన వెలుగులో దాదాపు ముప్పాతిక వంతు తిప్పి పంపును. నిర్మలమైన నీలాకాశములో తానున్న చోట పరిసరమునకంటె ప్రకాశముగానే ఉండును. చిక్కు మన కంటిలో ఉన్నది. చూపు నిలుపుటకు ఏమియు లేని శూన్యములోనికి చూచినపుడు కన్ను దూరమునకు సరిచూచుకొనజాలక, దగ్గరి వస్తువును చూచుటకు వలె సర్దుకొనును. అప్పుడు సూక్ష్మబిందువు చెదరి నీలములో కరగిపోవును. సముద్రపు అంచును చూచు నావికుని కన్ను దూరమునకు సరిగా నిలిచి ఉండును గనుక అతనికి ఈ బాధ లేదు. మన ఊళ్లలో నూతిలో దిగి చూచినచో పగలు నక్షత్రములు కనబడునని చెప్పుకొందురు. అది నిజము కాదు. నూతిగోడలు ఆకాశపు వెలుగును తగ్గింపజాలవు.

మాకు సెక్స్టెంటు లేదు. బడికి ఒక మేడ, ఇసుక మైదానము, కొంత వెదురు, కోణమానిని, దారము కట్టిన గుండు ఉన్నవి. “ఇవి చాలు. అక్షాంశం, క్రాంతి, వేళ, మూడు తెలిస్తే శుక్రుడెక్కడికి పోతాడు?” అన్నారు పెద్దమనిషి.

ఒక సులువు కూడ చెప్పినారు. ఆకాశములో ఎక్కడనో ఉన్న గ్రహమునకు దిక్కు, ఎత్తు లెక్కింపవలెనన్న త్రికోణమితి కావలెను. అదే గ్రహము యామ్యోత్తరరేఖను, అనగా ఉత్తరమునుండి నడినెత్తిమీదుగా దక్షిణమునకు పోవు రేఖను, దాటునపుడు చూచినచో కూడికలు తీసివేతలు చాలును. ఆ వేళ దాని ఎత్తు తొంబదిలో అక్షాంశము పోగా, క్రాంతి ఉత్తరమైన కలిపి, దక్షిణమైన తీసివేసినంత. ఎప్పుడు దాటును? సూర్యునికిని దానికిని విషువాంశములలో ఎంత తేడాయో, మిట్టమధ్యాహ్నమునకు అంత వెనుకనో ముందో. విషువాంశము, క్రాంతి ఏ దినమునకెంతో కలకత్తాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటరువారి ఎఫిమెరిస్‌లో ఉండును. ఇప్పుడు చేతిఫోనులోనే ఆకాశమంతయు చూపు ఏర్పాట్లున్నవి గదా అందురేమో. నిజమే. కాని అప్పుడు చుక్కను కనుగొన్నది ఫోను, మేము కాదు.

మొదట యామ్యోత్తరరేఖ గీయవలెను. ఇది మన పూర్వుల పద్ధతియే. సూర్యసిద్ధాంతములోను ఉన్నది. చదునైన నేలపై శంకువు నిలిపి దానిచుట్టు వలయము గీచినాము. ఉదయము నీడకొన వలయమును తాకి లోపలికి వచ్చినది 10 గంటల 5 నిమిషములకు. మధ్యాహ్నము నీడ పెరిగి మరల వలయమును తాకినది 2 గంటల 17 నిమిషములకు. ఆ రెండు బిందువులను కలుపు గీత తూర్పు పడమరలు. దానికి లంబము ఉత్తర దక్షిణములు. రెండు వేళలకు నట్టనడుమ 12 గంటల 11 నిమిషములు. అదియే మా ఊరి నిజమైన మిట్టమధ్యాహ్నము.

“పన్నెండు కావాలి గదండీ?” అన్నారు పిల్లలు. మంచి ప్రశ్న. మన దేశపు గడియారములు 82 డిగ్రీల 30 కలల రేఖాంశమునకు దిద్దబడినవి. ఆ రేఖ కాకినాడకును తునికిని నడుమ మన నేల విడిచి సముద్రములో దిగును. విశాఖ దానికి తూర్పున ఉన్నది గనుక ఇక్కడ సూర్యుడు దాదాపు 3 నిమిషములు ముందుగా నెత్తికెక్కును. అయితే ఫిబ్రవరి నడుమ సూర్యుడు గడియారమునకంటె 14 నిమిషములు వెనుకబడి నడచును. పదునాలుగులో మూడు పోగా పదకొండు. ఇసుకలోని నీడ ఇంత ఖచ్చితముగా పలుకునని నేనే అనుకొనలేదు. పెద్దమనిషి మాత్రము చేతిగడియారము చూచి, “ఒక నిమిషం అటూ ఇటూ” అని ఊరుకున్నారు.

వెదురుగొట్టము కణుపులు తొలిపించి, 60 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల రంధ్రము ఉండునట్లు సిద్ధము చేసి, కొయ్యకు బిగించి, కోణమానిని కట్టినాము. దానిగుండ చూచినచో ఆకాశములో సుమారు 3 డిగ్రీల మేర కనబడును. శుక్రుడు ఆ మేరను దాటుటకు 12 నిమిషములు పట్టును. ఫిబ్రవరి 13, గురువారము నాడు ఆ రేఖమీద గొట్టమును నిలిపి, వేళకు ఇరువదిమంది పిల్లలను వరుసగా పడుకోబెట్టి చూపించినాను. గొట్టము ఎత్తు 66 డిగ్రీలు.

ఏమియు కనబడలేదు. మూడు గంటలు దాటినవి. తమ పీరియడు నాకు ధారపోసిన లెక్కల మాస్టారు వరండాలో నిలిచి గడియారము చూచుచుండిరి. నేను అనవలసిన సాకులన్నియు అన్నాను. గాలిలో పొగమంచున్నదనియు, సముద్రపు తేమయనియు. పిల్లలు మర్యాదకు తలలాడించి వెళ్లిపోయినారు. సాయంకాలము చీకటి పడగనే పడమట శుక్రుడు దీపమువలె వెలిగినాడు. “ఇప్పుడు బాగా కనబడుతున్నాడు మాస్టారూ!” అని వీధిలో పోవుచున్న మా కుర్రవాడు ఒకడు కేక వేసినాడు.

మరునాడు ప్రార్థన కాకముందే ఒక బాలిక పుస్తకము తెచ్చి నా బల్లమీద పెట్టినది. “మాస్టారండీ, క్రాంతి సున్నా అయిన చుక్క మన నెత్తికి దక్షిణంగా పదిహేడు డిగ్రీల నలభై రెండు కలల దూరంలో పోతుంది గదండీ. శుక్రుడు దానికి ఉత్తరాన ఉన్నాడు, అంటే మన వైపు. అలాంటప్పుడు ఇంకా పైకి రావాలి గాని కిందికి దిగుతాడేమిటండీ?”

కలుపవలసిన ఆరు డిగ్రీలను నేను తీసివేసినాను. పన్నెండు డిగ్రీల తప్పు. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంతకంటె ఎక్కువ మేర క్రిందికి గురిపెట్టి, ఇరువదిమంది పసివాండ్ల కన్నులను శూన్యములో తిప్పించినాను. సముద్రముమీద అయినచో అది ఏడువందల మైళ్ల తప్పు. తరగతిలో ఆ సంగతి ఒప్పుకొని, నల్లబల్ల మీద బాలిక చేతనే లెక్క వేయించినాను. తొంబదిలో 17 డిగ్రీల 42 కలలు పోగా 72 డిగ్రీల 18 కలలు. ఆనాటి ఉత్తరక్రాంతి సుమారు 6 డిగ్రీల 30 కలలు కలుపగా 78 డిగ్రీల 48 కలలు. విషువాంశముల తేడా 2 గంటల 28 నిమిషములు. దానిని 12 గంటల 11 నిమిషములకు కలుపగా 2 గంటల 39 నిమిషములు.

ఆనాడు ఫిబ్రవరి 14. శుక్రవారమగుట యాదృచ్ఛికము.

ఆ వేళకు సూర్యుడు నైరృతి పడమరల నడుమ 42 డిగ్రీల ఎత్తున ఉండును. బడిమేడకు తూర్పున పడిన నీడలో చాపలు పరచి పిల్లలను వెల్లకిల పడుకోబెట్టినాము. ఇది సౌకర్యమునకు మాత్రమే చేసినది కాదు. ఉపాధ్యాయులారా, దీనిని తేలికగా తీసికొనవలదు. సూర్యబింబము గోడచాటున పూర్తిగా మరుగుపడిన చోటనే, పిల్లలు ఎటు దొర్లినను ఎండ ముఖమున పడని చోటనే ఈ పని చేయవలెను. దుర్భిణితో వెదకుట మొదలే కూడదు. ఒక్క క్షణము సూర్యుడు దుర్భిణిలో పడినచో కన్ను జీవితకాలము చెడిపోవును. నొప్పి కూడ తెలియదు.

“ముందు దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు తలను చూడండి. కన్ను అక్కడ ఆగాక గొట్టంలోకి రండి. ఏదైనా సన్నని మబ్బు తునక వస్తే దాని అంచును పట్టుకోండి” అని పెద్దమనిషి చెప్పుచుండిరి. 2 గంటల 33 నిమిషములకు శుక్రుడు గొట్టపు మేరలోనికి రావలెను. ముప్పదినాలుగు, ముప్పదియైదు. గొట్టము ఆ బాలిక వంతు వచ్చినది. కొంతసేపు మాటలేదు. తరువాత, “ఉంది” అన్నది, కేక వేయలేదు. “చిన్నది. తెల్లగా. ముగ్గుచుక్కలాగా.”

తరువాత చూచినవాడు లేదన్నాడు. మూడవవాడు లేదన్నాడు. నాల్గవవాడు గొట్టమునకు కన్నానించిన క్షణమే అరచినాడు. నా వంతు వచ్చినపుడు నేను సిగ్గుపడవలసినంత సేపు వెదకినాను. ఒక్కమాటుగా నీలములో సూదిమొన గ్రుచ్చినట్లు తెల్లని బిందువు నిలిచినది. ఇంత స్పష్టముగా ఉన్నదానిని ఇంతసేపు ఎట్లు చూడలేకపోతినని విస్మయము కలిగినది. రెప్ప వేసినాను, పోయినది. మరల దొరకినది. ఒకసారి దొరకిన తరువాత కొందరు గొట్టము విడిచి, మేడ అంచును గుర్తుగా పెట్టుకొని ఉత్త కంటితోనే చూచినారు. ఇరువదిమందిలో పదునలుగురు చూచిరి. “చూపించండి మాస్టారూ” అన్న కుర్రవాడు పదునాల్గవవాడు. లెక్కల మాస్టారికి ఆనాడు కనబడలేదు.

ఆ దినమును ఎంచుకొనుటకు కారణము గలదు. అప్పుడు శుక్రుడు నిండుబింబము కాడు. దుర్భిణిలో చూచినచో నెలవంకవలె, నాల్గవ వంతుకు కొంచెము మించిన వెలుగుతో ఉండును. మరి నిండుగా ఉన్నపుడుగాక నెలవంకగా ఉన్నపుడు ఎక్కువ ప్రకాశించుట ఏమి? 1716లో లండను నగరములో శుక్రుడు పగలు కనబడగా ప్రజలు ఏదో ఉత్పాతమని భయపడిరి. ఎడ్మండ్ హేలీ అపుడే ఈ ప్రశ్న చేపట్టి లెక్క తేల్చినాడు. నిండుగా ఉన్నపుడు శుక్రుడు సూర్యునికి ఆవలివైపున మిక్కిలి దూరముగా ఉండును. మనకు దగ్గరగుకొలది బింబము పెరుగును, వెలిగిన భాగము తరుగును. ఈ పెరుగుటకు తరుగుటకు పొత్తు కుదిరి వెలుగు అత్యధికమగునది సూర్యునికి భూమికి నడుమకు వచ్చుటకు సుమారు 36 దినముల ముందును, 36 దినముల వెనుకను. 2025లో అట్లు నడుమకు వచ్చినది మార్చి 23న. సూర్యకాంతిలో మునిగిన అటువంటి దినములనే మన పంచాంగములు శుక్రమౌఢ్యమని పేర్కొని పెండ్లిండ్లు ఆపును. పెండ్లికొడుకుల తండ్రులకు తెలిసినంత బాగుగా ఈ గ్రహము రాకపోకలు మన బడిపిల్లలకు తెలియకపోవుట వింతగా తోచును.

1865 మార్చి 4న లింకను రెండవమారు ప్రమాణము చేసిన దినమున వాషింగ్టనులో జనము పగటి శుక్రుని చూచినారు. ఇట్టి కథలు ఇంకను ఉన్నవి. మన విశాఖకు వేరొక కథ కలదు. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు ఈ ఊర తన స్వంత ధనముతో వేధశాల నెలకొల్పినారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుట ఇచ్చటినుండియే చూచి, ఆ వివరములు లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ప్రకటించినారు. పట్టపగలు చూచిన శుక్రుడే ఆయనదియు. కాని అది తెల్లచుక్క కాదు, సూర్యునిపై నల్లచుక్క.

గురువు విషయము ఒక్కమాట. గురుడు కూడ తన ప్రకాశము హెచ్చుగా ఉన్న కాలములో సూర్యుడు క్రుంకుటకు కొంత ముందుగా ఓపికపరులకు దొరకును. మిట్టమధ్యాహ్నము మాత్రము ఆశ పెట్టుకొనరాదు.

శుక్రుడు ఎనిమిదేండ్లకు ఒకసారి ఇంచుమించు అదే తేదీలలో అదే ఆట తిరిగి ఆడును. 2017లో మార్చి 25, 2025లో మార్చి 23. కావున 2033 ఫిబ్రవరిలో ఈ లెక్కయే కొద్ది మార్పుతో మరల పనికివచ్చును. ఆ నడుమ 2026లో శుక్రుడు భూమికి సూర్యునికి నడుమకు వచ్చు దినము అక్టోబరు 24. సెప్టెంబరు మూడవ నాల్గవ వారములు సాయంకాలపు చుక్కకు, నవంబరు నెలాఖరు వేగుచుక్కకు అనువు. సెప్టెంబరులో మన తీరమున వానమబ్బులు గనుక నేను నవంబరునకే మొగ్గుదును. తెల్లవారుజామున తూర్పున వెలుగు శుక్రుని ఒక స్తంభపు అంచున పట్టుకొని, సూర్యోదయమైన తరువాతను విడువక నీడనుండి వెంబడించినచో గొట్టము లేకయే పగటిలోనికి దాటవచ్చును. మధ్యాహ్నమునకు ముందే అతడు యామ్యోత్తరరేఖ చేరును.

ఆ రెండు మాసములలోను శుక్రునిది దక్షిణక్రాంతి. అప్పుడు కలుపరాదు, తీసివేయవలెను. ఈ సంగతి ఆ బాలిక తన పుస్తకములో ముందుగనే వ్రాసి, క్రింద ఎర్రసిరాతో గీత గీచి, నాకు చూపినది.